చెప్పడం ఎక్కడ పూర్తవుతుంది?

ఒక మనిషి ఇంకొకరికి ఒక సంగతి చెప్పాడని ఎప్పుడు అనాలి? మాట నోరు దాటినప్పుడా, కాగితం మీద సంతకం పడినప్పుడా, విన్నవాడి మనసులో ఆ సంగతి కుదురుకున్నప్పుడా? ఉద్యోగంలో మాటతీరు ఎలా మెరుగుపరుచుకోవాలో నేర్పే శిక్షణలకు ఇప్పుడు కొదవ లేదు. నిలబడే తీరు, చూసే తీరు, ఇంగ్లిషు ఉచ్చారణ, ఈమెయిలు మర్యాదలు అన్నీ నేర్పుతున్నారు. వాటి అవసరం లేదనను. కానీ ఈ మొదటి ప్రశ్నకు జవాబు తేల్చుకోకుండా అబ్బిన మాటతీరు ఎంత నునుపుగా ఉన్నా పైపూతే. వినేవారికి అర్థమయ్యేదాకా చెప్పడమనే పని పూర్తి కాదు, దాన్ని పూర్తి చేసే బాధ్యత చెప్పేవాడి మీదే ఉంది, ఆ బాధ్యత నైపుణ్యం కిందికి వచ్చే ముందు ధర్మం కిందికి వస్తుంది. నేను ఇక్కడ వాదించదలచినది ఇదే. దీన్ని పరీక్షించి చూడడానికి హైదరాబాదులోని అద్దాల ఆఫీసు కంటే అర్ధవీడు లాంటి మండల కేంద్రం మేలైన చోటు. ఎందుకంటే ఇక్కడ మాట అర్థం కాకపోతే పోయేది ప్రమోషను కాదు, పొలం.

కంభం దాటి నల్లమల వైపు వెళితే వచ్చే మండలం అర్ధవీడు. మెట్ట సీమ. ఇటు గిద్దలూరు నుంచి అటు మార్కాపురం, కనిగిరి దాకా బోరునీళ్లలో ఫ్లోరైడ్ బాధ పడ్డ పడమటి ప్రకాశం అంతా దశాబ్దాలుగా వెలిగొండ ప్రాజెక్టు కోసం కళ్లు కాయలు కాచేలా చూసింది. 1996లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టుకు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టారు. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర కృష్ణ నీళ్లు అందుకుని, కొండ కింద పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా సాగే రెండు సొరంగాల గుండా 43.5 టీఎంసీలు ఇటు తేవాలన్నది సంకల్పం. ఆ నీళ్లు నిలవడానికి సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల నడుమ సందులను ఆనకట్టలతో మూశారు. ఆ మూడోదైన కాకర్ల అర్ధవీడు మండలంలోదే. జలాశయం గర్భంలో పడిన ఊళ్లవాళ్లు ఇళ్లూ చేలూ వదులుకోవాలి. వాళ్ల జీవితాల్లోకి ఒక కొత్త భాష వచ్చింది: గెజిట్, సర్వే నంబరు, అవార్డు, కటాఫ్ తేదీ, ప్యాకేజీ, పునరావాస కాలనీ. బతుకు ఎటు తిరుగుతుందో ఆ భాషలోనే రాసి ఉంటుంది.

ఆ భాషలో వాక్యం ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. ‘సదరు సర్వే నంబర్లలోని భూములయందు హక్కు కలిగియున్న వ్యక్తులు తమ అభ్యంతరములను నిర్ణీత గడువులోగా ఈ క్రింద సంతకము చేసిన అధికారి వారికి లిఖితపూర్వకముగా సమర్పించుకొనవలెను’ అనే తరహా వాక్యం ఏ రెవెన్యూ కార్యాలయంలోనైనా కనబడుతుంది. ఇందులో తప్పు లేదు, అబద్ధం లేదు, అమర్యాద లేదు. కానీ ఆ కాగితం ముందు నిలబడ్డ రైతుకు కావలసినవి నాలుగే నాలుగు: ఇందులో నా చేను ఉందా, నేనేం చెయ్యాలి, ఏ తేదీలోపల, ఎవరి దగ్గరికి పోవాలి? ఆ నాలుగూ ఈ వాక్యంలో సూటిగా దొరకవు. 2013 భూసేకరణ చట్టం ప్రాథమిక ప్రకటనను గెజిట్‌లోనూ పత్రికల్లోనూ వేయడంతో ఆగలేదు, పంచాయతీలోనూ తహసీల్దారు కార్యాలయంలోనూ స్థానిక భాషలో ప్రకటించమంది. తెలుగు అక్షరాల్లో కాగితం అతికించగానే చట్టం తృప్తి పడవచ్చు. ధర్మం తృప్తి పడుతుందా అన్నది మన ప్రశ్న.

ఈ ప్రశ్నను మన తార్కికులు ఎంత నిశితంగా పట్టించుకున్నారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తర్కసంగ్రహం రాసిన 17వ శతాబ్దపు అన్నంభట్టు తెలుగువాడు. దేశమంతటా తర్కశాస్త్రంలో ఓనమాలు దిద్దేవారు ఇప్పటికీ ఆయన పుస్తకంతోనే మొదలుపెడతారు. మాట జ్ఞానానికి ప్రమాణం కావాలంటే చెప్పినవాడు ఆప్తుడై ఉండాలి, ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడు అంటాడాయన. అయితే చెప్పినవాడు మంచివాడైతే చాలదు. వాక్యం అర్థం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ కుదరాలి. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసపెట్టి పలికితే ఒక పదం ఇంకో పదాన్ని కోరదు గనక వాక్యం కాదు. నిప్పుతో తడపమంటే పదాలు కలిసినా అర్థం పొసగదు. ఇక ‘ఆవును’ అని ఇప్పుడు పలికి, జాము గడిచాక ‘తీసుకురా’ అంటే, రెండూ సరైన పదాలే అయినా విన్నవాడికి ఏమీ అందదు. ఈ మూడోదే సన్నిధి లేకపోవడం.

పదాల గురించి చెప్పిన ఈ నియమాన్ని పనుల మీదికి చాపడం నేను తీసుకున్న స్వేచ్ఛే. అయినా మండల కార్యాలయాల్లో సామాన్యుడి గోడు దీనికంటే కచ్చితంగా ఇంకెవరూ చెప్పలేదనిపిస్తుంది. పాసుపుస్తకంలో పేరు తప్పు పడింది, సరిచేయమని ఒక పెద్దాయన వస్తాడు. ‘ఆధార్ జిరాక్స్ తీసుకురా’ అంటారు. తెస్తాడు. ‘అడంగల్, 1బి కూడా కావాలి’ అంటారు. అవీ తెస్తాడు. ‘అన్నదమ్ముల సంతకాలు లేవే’ అంటారు. ఆ అన్నదమ్ముల్లో ఒకరు బెంగళూరులో బేల్దారి పనిలో ఉంటారు. అతను పండక్కి వచ్చి సంతకం పెట్టి వెళ్లాక, ‘ఇది మా చేతిలో లేదు, మార్కాపురం ఆర్డీవో ఆఫీసుకు పోవాలి’ అంటారు. ఆ నాలుగు మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ జాముకొక పదం పలికినట్టు నెలకొక ముక్క పలికారు గనక ఆ మనిషికి ఏ సంగతీ చెప్పినట్టు కాదు. అతని బస్సు ఛార్జీలు, పోయిన కూలిరోజులు, చిన్నబుచ్చుకున్న మొహం, ఇవన్నీ సన్నిధి లేని వాక్యానికి చెల్లించిన వెల. ఏమేం కావాలో మొదటి రోజే ఒక చీటీ మీద వరసగా రాసిచ్చి, ఎవరి దగ్గర ఏ పని తెగుతుందో చెప్పడం చాలా చిన్న పని. ఏ కార్యాలయంలోనైనా మాటతీరు బాగుపడాలనుకునేవారు ఇక్కడ మొదలుపెట్టాలి.

మహాభారతం శాంతిపర్వంలో సులభ అనే సన్న్యాసిని ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. జనకుడు తాను ముక్తుణ్ణని చెప్పుకుంటున్నాడని విని, నిజమో కాదో చూద్దామని ఆయన సభకు వస్తుంది. నువ్వెవరు, ఎవరి దానవు, ఇక్కడికెందుకొచ్చావని రాజు కటువుగా నిలదీస్తాడు. ఆమె జవాబు చెప్పే ముందు, అసలు మంచి మాటకు లక్షణాలేమిటో వివరిస్తుంది. సౌక్ష్మ్యం, సంఖ్య, క్రమం, నిర్ణయం, ప్రయోజనం అని అయిదు చెబుతుంది. సంగతుల మధ్య తేడా తెలియాలి, గుణదోషాలను లెక్కకట్టాలి, ఏది ముందో ఏది వెనకో ఉండాలి, ఒక తేల్పు ఉండాలి, దేనికోసం చెబుతున్నామో ఉండాలి. ఆ తరవాత ఆమె చెప్పినదే ఈ వ్యాసానికి ప్రాణం. చెప్పేవాడు, వినేవాడు, మాట, ఈ మూడూ ఉద్దేశించిన అర్థం దగ్గర సమంగా కలిసినప్పుడే ఆ అర్థం వెలుగుతుందట. వినేవాణ్ణి లెక్కచేయకుండా తన గోలే చెప్పుకునేవాడి మాట మొలకెత్తదు. తన అర్థాన్ని వదిలేసి ఎదుటివాడికి నచ్చేదే పలికేవాడి మాటా దోషమే, దాని మీద అనుమానం పుడుతుంది. ఇది ముక్తి గురించిన చర్చలో వచ్చిన మాట అని మరిచిపోకూడదు. మోక్షం గురించి తర్కించే గ్రంథం కాసేపు ఆగి, మాట ఎలా ఉండాలో చెప్పిందంటే, మాట సంగతిని కేవలం వ్యవహారంగా, పొట్టకూటి విద్యగా మనవాళ్లు చూడలేదన్నమాట.

మాటతీరు ప్రసక్తి వస్తే హనుమంతుణ్ణి తలవనివారు లేరు. కిష్కింధాకాండలో ఆయన మాట విని రాముడు లక్ష్మణుడితో మెచ్చుకునే ఘట్టం వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో బాగా నలిగిపోయింది. వ్యాకరణం తప్పలేదు, కనుబొమ్మ వికారంగా కదలలేదు, సాగదీయలేదు, తొట్రుపడలేదు, గొంతు మరీ పెరగలేదు, మరీ తగ్గలేదు అంటాడు రాముడు. బాగుంది. కానీ నా దృష్టిలో అంతకంటే గొప్ప ఘట్టం సుందరకాండలో ఉంది. శింశుపా వృక్షం మీద కూర్చుని, కింద సీతను చూస్తూ, ఏ భాషలో పలకరించాలా అని హనుమ తర్జనభర్జన పడతాడు. పండితుడిలా సంస్కరించిన భాషలో మాట్లాడితే ఈమె నన్ను రావణుడనుకుని జడుసుకుంటుంది, కాబట్టి మామూలు మనుషులు మాట్లాడుకునే తీరులోనే మాట్లాడాలి అని తేల్చుకుంటాడు. రాముడి ముందు ఏ విద్యకు మెప్పు దక్కిందో ఆ విద్యనే ఇక్కడ పక్కన పెట్టాడు. ఎదురుగా ఉన్న మనిషి ఎవరు, ఆమెకు ఇంతకుముందు ఏ గొంతు వల్ల గాయమైంది అని ఆలోచించి భాషను ఎంచుకున్నాడు. నల్లమల అంచు తండాల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడుకునే బాలింతకు మందులెలా వేసుకోవాలో చెప్పే ఏఎన్ఎమ్, అడవి మీద హక్కు గురించి చెంచు గూడెంలో మాట్లాడే అటవీ ఉద్యోగి ఈ చెట్టు మీద కాసేపు కూర్చోవలసినవారే. అధికార భాషలో మాట్లాడినవాళ్ల వల్ల ఆ గూడెం ఇదివరకు ఎన్నిసార్లు దెబ్బతిన్నదో ఆ ఉద్యోగికి తెలిసి ఉండాలి.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది, అదీ మన మతంలోంచే వస్తుంది. కర్మ చేయడం వరకే నీ పని, ఫలం మీద నీకు అధికారం లేదని గీత చెప్పలేదా? నోటీసు ఇవ్వడం నా విధి, ఇచ్చాను, అర్థం చేసుకోవడం చేసుకోకపోవడం అవతలివాడి కర్మ అని ఒక ఉద్యోగి అంటే ఏమని జవాబు చెప్పాలి? ఈ వాదాన్ని తేలిగ్గా తీసేయలేం. ప్రతి శ్రోత అజ్ఞానానికీ వక్తనే దోషిని చేస్తే లోకంలో ఎవరూ నోరు తెరవలేరు. కానీ ఈ వాదం ఫలమంటే ఏమిటో పొరబడుతోంది. చెప్పడానికి ఫలం ఎదుటివాడు ఒప్పుకోవడం, మెచ్చుకోవడం, చెప్పినట్టు నడుచుకోవడం. అర్థం కావడం ఫలం కాదు, అది చెప్పడమనే పనిలో చివరి భాగం. మార్కాపురం పలక మీద అ ఆలు దిద్దించిన పంతులు నేను చెప్పేశానని లేచి వెళ్లడు, పలక తిప్పి చూస్తాడు. పిల్లవాడు రేపు కలెక్టరు అవుతాడా కాడా అన్నది ఫలం, పలక మీద అక్షరం పడిందా అన్నది పని. గీత చెప్పిన కృష్ణుడే ఇందుకు సాక్ష్యం. పద్దెనిమిది అధ్యాయాలు చెప్పినవాడు చివరికి వచ్చేసరికి, బాగా విచారించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అని నిర్ణయాన్ని అర్జునుడికే వదిలేస్తాడు. ఫలాపేక్ష లేకపోవడమంటే అది. కానీ ముగించే ముందు, మనసు పెట్టి విన్నావా, నీ మోహం పోయిందా అని అడుగుతాడు. అర్జునుడు తన మాటల్లో జవాబు చెప్పాకే ఆ సంభాషణ ముగుస్తుంది. నిష్కామకర్మను బోధించినవాడు సైతం అర్థమైందో లేదో అడిగి తెలుసుకున్నాడు. అందుచేత నోటీసు అతికించి చేతులు దులుపుకోవడానికి గీతను అడ్డం పెట్టుకోవడం కుదరదు. ‘అర్థమైందా?’ అని అడిగితే భయానికో మొహమాటానికో ఎవరైనా తలూపుతారు. ‘ఇంటికెళ్లాక మీవాళ్లకు ఏం చెబుతావో ఒకసారి నాతో చెప్పు పెద్దాయనా’ అని అడగడం వేరు. ఆ ఒక్క వాక్యంతో ఎన్నో తిరుగుళ్లు తప్పుతాయి.

రెండో ఆక్షేపణ ఆచరణకు సంబంధించినది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో పనిచేసే కుర్రవాళ్ల పరిస్థితి తెలిసినవారెవరూ వాళ్ల మీద ఈ బరువంతా పెట్టరు. ఎదురుగా వరస, వేలిముద్ర పడని మిషను, తెరుచుకోని సర్వరు, సాయంత్రానికి పూర్తి చేయమని పైనుంచి వాట్సాప్‌లో వచ్చిన లక్ష్యం. ఒక్కొక్కరితో తీరిగ్గా మాట్లాడే వ్యవధి ఎక్కడుంది? ఈ మాటలో నిజం ఉంది, దాన్ని ఒప్పుకుంటాను. అయితే రెండు సంగతులు. వ్యవధి లేదని అరకొరగా చెప్పి పంపిన మనిషి మళ్లీ అదే వరసలో నిలబడతాడు, అంటే రేపటి వరసను పెంచుతున్నది ఇవాళ్టి అరకొర మాటే. రెండోది, ఆ కుర్రవాడు సరిగా చెప్పలేకపోవడానికి అతనికి పైవాళ్లు సరిగా చెప్పకపోవడం చాలాసార్లు కారణం. పథకానికి ఎవరు అర్హులో, ఎందుకు తిరస్కరించారో అతని తెర మీద ఒక సంకేతం తప్ప కారణం కనబడనప్పుడు అతను మాత్రం ఏం చెబుతాడు? కాబట్టి ఈ ధర్మం కింది గుమాస్తాతో ఆగదు. సర్క్యులర్ రాసినవారు, సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు, సమీక్షలో గద్దించినవారు అందరూ దీని కిందికే వస్తారు. అధికారం ఎంత పెద్దదైతే అర్థమయ్యేలా చెప్పవలసిన బాధ్యత అంత పెద్దది. అప్పటికీ కింది మనిషి చేతిలో ఒకటి మిగిలే ఉంటుంది: ‘నాకు తెలియదు, తెలిసినవారు ఫలానా, ఫలానా రోజున కనుక్కుని చెబుతాను’ అనడం. తెలియనిదాన్ని తెలియదని చెప్పినవాడూ అన్నంభట్టు లెక్కలో ఆప్తుడే. ‘చూద్దాం, రెండు రోజులాగి రా’ అన్నవాడు కాడు.

ఇంకొందరు అంటారు: మాటనేర్పు మంచికీ చెడుకూ పనికొచ్చే పనిముట్టు, దానికి ధర్మమేమిటి? మోసగాడూ చక్కగానే మాట్లాడతాడు కదా. అవును, సీతను ఎత్తుకుపోవడానికి వచ్చినవాడు సన్న్యాసి వేషంలో మృదువుగానే పలకరించాడు. దాని పర్యవసానమే అశోకవనంలో హనుమకు ఎదురైన చిక్కు. ఒకడు మంచి భాషను దగాకు వాడుకుంటే, ఆ తరవాత వచ్చిన నిజాయతీపరుడికి ఆ భాష పనికిరాకుండా పోయింది. మాటకు ధర్మం ఎందుకు కావాలో ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మాట మీది నమ్మకం అందరి సొత్తు, ఒకడు దాన్ని ఖర్చుచేస్తే అందరూ అప్పులపాలవుతారు. ముంపు ఊళ్లలో ఎన్నోసార్లు గడువులు విని విసిగిన జనం, ఇవాళ నిజం చెప్పడానికి వచ్చిన అధికారిని కూడా అనుమానంగానే చూస్తారు. అది వాళ్ల తప్పు కాదు.

అన్నిటికంటే కష్టమైనది చేదు నిజం చెప్పవలసి రావడం. 2013 చట్టం ప్రకారం వయోజనులైన ప్రతివారూ పునరావాసానికి విడి కుటుంబం కింద లెక్క. మరి కటాఫ్ తేదీకి కొన్ని నెలల ముందో వెనకో పద్దెనిమిది నిండే పిల్లల సంగతి? నీ కొడుకుకు రాదు అని తండ్రితో చెప్పవలసిన ఉద్యోగి చాలాసార్లు ‘పైకి రాశాం’ అని దాటేస్తాడు. కఠిన సత్యం పలకవద్దన్న ధర్మశాస్త్ర వాక్యం అతనికి ఊరటనిస్తుంది. కానీ అదే ధర్మశాస్త్రం ప్రియమైన అబద్ధమూ పలకవద్దంది, ఆ రెండో సగాన్ని మనం తరచూ వదిలేస్తాం. ఈ చిక్కుకు నాకు నచ్చిన జవాబు బుద్ధుడిది. అభయ రాజకుమారుడితో సంభాషణలో ఆయన చెప్పిన ప్రకారం, నిజమై, మేలు చేసేదై, వినడానికి ఇంపుగా లేని మాటను చెప్పకుండా ఉండరు, చెప్పడానికి తగిన వేళ చూసి చెబుతారు. నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపి తూర్పుకు సాగే గుండ్లకమ్మ ఒడ్డునే, దొనకొండ దగ్గర చందవరంలో, ఒకప్పుడు ఈ బోధ విన్నవారు మహాస్తూపం కట్టుకున్నారు. ఈ నేలకు అది పరాయి మాట కాదు. వేళ చూడడమంటే వాయిదా వేయడం కాదు. నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి, కూర్చోబెట్టి, రాదని ముందు చెప్పి, ఎందుకు రాదో చెప్పి, అప్పీలుకు దారి ఉంటే అది ఎవరి దగ్గరో చెప్పడం. ఆశ పెట్టి ఏళ్లు తిప్పడం దయ కాదు, అది హింస.

ఈ ప్రాంతం నుంచి ఉద్యోగాలకు హైదరాబాదు, బెంగళూరు వెళ్లే పిల్లలకు ఇందులో ఏం పనికొస్తుందని అడిగితే, అంతా పనికొస్తుందంటాను. ఇంగ్లిషు నేర్చుకోవలసిందే, అక్కడ వినేవారి భాష అది గనక. కానీ తమ ఊరి యాస పలికిందని సిగ్గుపడి నోరు మూసుకునే పిల్ల, అర్థం కాని పనికి అర్థమైందని తలూపే పిల్లవాడు నష్టపోతున్నది ఉచ్చారణ వల్ల కాదు. అర్థం కాలేదని చెప్పడం కూడా తమ ధర్మమేనని వాళ్లకెవరూ చెప్పలేదు. లంక నుంచి తిరిగొచ్చిన హనుమ, కాచుకుని ఉన్న అంగదాదులకు మొదట సీత కనబడిందన్న సంగతి చెప్పాడు. సముద్రం ఎలా దాటాడో, ఎవరెవరు అడ్డొచ్చారో జాంబవంతుడు అడిగాకే విప్పి చెప్పాడు. పని ఎంతవరకు వచ్చిందని మేనేజరు అడిగితే కష్టాలతో మొదలుపెట్టి ఫలితం చివర్లో చెప్పే అలవాటున్నవారికి ఇంతకు మించిన పాఠం నాకు తెలియదు.

అయితే సులభ చెప్పిన మూడింటిలో వినేవాడూ ఉన్నాడు. బాధ్యత చెప్పేవాడి మీద ఉందన్న నా వాదం, చెప్పేవాడి చేతిలో అధికారం ఉన్నంతవరకే పూర్తిగా నిలుస్తుంది. రైతు చెబుతూ అధికారి వింటున్నప్పుడు బరువు అటువైపు మారాలి. హితమైనా ఇంపుగాని మాట చెప్పేవాడు అరుదు, వినేవాడూ అరుదు అని మారీచుడు రావణుడికి చెప్పాడు, తరవాత విభీషణుడూ అదే చెప్పాడు. చెప్పడంలో ఆ ఇద్దరి లోపం ఏమీ లేదు. భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా మీద బహిరంగ విచారణ జరిపి బాధితుల అభిప్రాయాలను నమోదు చేయమంటుంది. నమోదు చేయడమంటే హాజరుపట్టీలో సంతకాలు, వేలిముద్రలు తీసుకోవడంతో సరిపోతుందా? ఆ విచారణలో ఒక రైతు మహిళ తన భాషలో చెప్పిన కష్టం కార్యాలయ భాషలోకి మారి ‘సభికులు తమ అభ్యంతరములు తెలిపినారు’ అన్న ఒక్క పంక్తిగా మిగిలితే, ఆమె చెప్పినది ఎవరూ విననట్టే. రాసుకున్నది సభ ముగిసేలోపే పైకి చదివి, నువ్వన్నది ఇదేనా అమ్మా అని అడిగి, కాదంటే దిద్ది, అప్పుడు సంతకం తీసుకోవాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, అదనపు నిధులు అక్కర్లేదు. కాకర్ల దగ్గరైనా ఇంకెక్కడైనా తరవాత జరగబోయే సభలో మినిట్స్ రాసే ఉద్యోగి ఇలా చేయాలనుకుంటే ఆపేవారెవరూ లేరు.